కప్పు తీసిన దుకాణం

మా ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ తగువుకు వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లతో పడే ఓపిక నాకు లేదు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సు దారిలో ఎక్కడో ఒకచోట అనుకోండి. ఆ ఊరి పంచాయతి ఆఫీసులో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాను. నా పేరు రామచంద్రయ్య. చెప్పబోయేది నా కథ కాదు, వెంకటరాజం కథ. కాని అందులో నా చేయి కూడా ఉంది గనుక ముందే ఒప్పుకోవడం మంచిది. బయలు బజారులో ఎవరెవరికి సరుకు పెట్టుకునే రాతి గద్దె ఇవ్వాలో రాసిన పట్టీ నా చేతిరాతే.

ఆ బజారు అంతకుముందు దుకాణం. ఊరంతా దాన్ని నాలుగర్రల దుకాణం అనేది. హైదరాబాదు సేటు ఒకాయన నిజాం జమానాలో కట్టించాడు. ఒకే కప్పు కింద నాలుగు పెద్ద అర్రలు. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో ఇత్తడి, రాగి సామాను, ఒకదాంట్లో కిరాణం, నాలుగో దాంట్లో లాంతర్లు, తాళాలు, గొడుగులు. పెండ్లి పెట్టుకున్నవాళ్లు పొద్దున లోపలికి పోతే పొద్దుగూకే వేళకు పుస్తెమట్టెలు తప్ప అన్నీ కొనుక్కుని బయటికి వచ్చేవారు. ఇరవై ఊళ్లకు అదే దిక్కు. మా చిన్నప్పుడు ఎవడైనా గొప్పలకు పోతే, వీడేమన్నా నాలుగర్రలోడా అనేవాళ్లు.

వెంకటరాజం ఇరవై ఏళ్లప్పుడు ఆ దుకాణంలో బట్టల అర్రలో చేరాడు. పద్మశాలి. తండ్రి గుంట మగ్గంలో కూర్చుని నడుము వంగిపోయినవాడు. కొడుకు ఆ గుంటలో దిగకుండా గజం కర్ర పట్టుకున్నాడు. నేతగాడి కొడుకు గనుక బట్ట ముట్టుకుంటే చాలు, పోగు ఎన్నో నంబరో, రంగు నిలిచేదో కాదో చెప్పేవాడు. కొలిచేటప్పుడు బొటనవేలు జరిపి అర గిరె, అంటే అంగుళం బట్ట, దాచుకోవడం ఆ వృత్తిలో అందరూ చేసేదే. ఈయన చేయలేదు. పైగా బట్టలో ఎక్కడైనా పోగు జారి ఉంటే తనే వేలు పెట్టి చూపించేవాడు. సేటుకు ఇది నచ్చేది కాదు గాని, జనం వెంకటరాజం ఉన్నాడా అని అడిగి మరీ లోపలికి వచ్చేవారు. అందుకని ఏమీ అనలేక ఊరుకునేవాడు.

మంచివాడే. కాని ఎంత మంచివాడో అంత మొండివాడు. నియమాల మనిషి. శనివారం ఒక్కపొద్దు, అమావాస్య నాడు ఊరు దాటడు, బట్ట మీద కాలు పడితే తీసి కళ్లకు అద్దుకుంటాడు. నేలమీద చింకి గుడ్డ పడి ఉన్నా తొక్కడు, చుట్టూ తిరిగి పోతాడు. బాపనయ్యల మడి వీడి ముందర ఏ మూలకు అని మేము ఆఫీసులో నవ్వుకునేవాళ్లం. నియమం తప్పని మనిషి అని ఊళ్లో పేరు వచ్చింది. ఆ పేరంటే ఆయనకు చాలా ఇష్టం. ఇష్టం లేనట్టు ఉండేవాడు గాని, ఇష్టమని నాకు తెలుసు.

పోలీసు చర్య అయిన మూడో ఏట సేటు దుకాణం ఎత్తేశాడు. ఆ గడబిడ రోజుల్లో జనం చేతిలో కొనే తాహతు పోయింది. రెండు లారీల్లో సరుకు వేసుకుని హైదరాబాదు పోతూ పోతూ తాళంచెవుల గుత్తి వెంకటరాజం చేతిలో పెట్టాడు. జర చూసుకుంట ఉండు, మళ్లీ తెరుస్తా అన్నాడట. తెరవలేదు. సేటు పోయాడు, ఆయన కొడుకులకు ఆ ఊరు ఎటువైపు ఉందో కూడా తెలియదు. వెంకటరాజం మాత్రం వారానికొకసారి తలుపులు తీసి, నాలుగర్రలూ ఊడ్చి, మళ్లీ తాళాలు వేసేవాడు. పదకొండేళ్లు ఊడ్చాడు. ఎవరి కోసమని అడిగితే, ఖాళీ జాగా అయితే ఏంది, దుకాణం దుకాణమే గద అనేవాడు.

ఇంట్లో సంగతి చెప్పాలి. వెంకటరాజానికి ఒక్కతే బిడ్డ, పానగల్లుకు ఇచ్చి పంపారు. భార్య సావిత్రమ్మ. తమ్ముడు భిక్షపతి మగ్గం నేసేవాడు. దుకాణం మూతపడ్డ ఏడాదే కామెర్లు వచ్చి పోయాడు. పిల్లలు లేరు. అతని భార్య శారదమ్మకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. పుట్టింట్లో ఎవరూ మిగలలేదు. అలాంటి ఆడమనిషి ఏం చేస్తుంది? ఈమె పదకొండో రోజు అయిపోయిన వారానికి మగ్గం గుంటలో దిగి కూర్చుంది. పద్మశాలి ఇళ్లల్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగుకు ఆసు పోస్తారు గాని గుంటలో కూర్చోరు. ఊరు నోరు నొక్కుకుంది. శారదమ్మ నేసింది. మొదటి మూడు ధోతులు గోనెపట్టాలాగా వచ్చాయట. నాలుగో దానికి చేయి తిరిగింది. ఏడాది తిరిగేసరికి అంచు చూసి ఇది శారదమ్మ ధోతి అని చెప్పగలిగేవాళ్లం.

సావిత్రమ్మ కండెలు చుట్టేది, శారదమ్మ నేసేది, వెంకటరాజం అమ్మేవాడు. ముగ్గురి తిండీ ఆ మగ్గం మీదే. నేతగాళ్ల సొసైటీలో ఆడమనిషి పేరు ఎక్కించుకోబోమని చెప్పారు గనుక బట్ట బయటనే అమ్ముడుపోవాలి. ఆయన మూతపడ్డ దుకాణం అరుగు మీద, చూరు నీడలో చాప పరిచి కూర్చునేవాడు. నాలుగర్రల అరుగు మీద వెంకటరాజం దగ్గర కొన్నామంటే జనానికి పాత దుకాణంలో కొన్నంత నమ్మకం.

ఇంకొకటి. శారదమ్మ బావతో మాట్లాడదు. మా దగ్గర తమ్ముని భార్య బావ ముందర నిలబడదు, కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే తోడికోడలితో చెబుతుంది, తోడికోడలు ఆయనకు చెబుతుంది. చాలా ఇళ్లల్లో పిల్లలు పుట్టి ఇల్లు ఇరుకైనాక ఈ పట్టింపు సడలిపోతుంది. వెంకటరాజం ఇంట్లో సడలలేదు. పన్నెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఆమె నేసిన బట్ట ఆయన అమ్మి, ఆయన తెచ్చిన నూలు ఆమె నేసి, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నూలు అయిపోయిందని చెప్పాలన్నా సావిత్రమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి రావలసిందే.

అరవై రెండులో సేటు కొడుకులు ఆ కట్టడాన్ని పంచాయతికి అమ్మేశారు. అప్పటికి రెండర్రల కప్పు కుంగిపోయింది. దూలాలకు చెదలు. కొత్త కప్పు వేయడానికి ఎంతవుతుందో లెక్క కట్టి సర్పంచి గుండె పట్టుకున్నాడు. తర్వాత ఎవడు చెవిలో వేశాడో గాని, అసలు కప్పే ఎందుకు అన్నాడు. ఉన్న కప్పు తీసేద్దాం, లోపలి గోడలు కొట్టేద్దాం, చుట్టూ గోడ ఉంచి మధ్యలో రాతి గద్దెలు కట్టిద్దాం, గాలీ వెలుతురూ ఆడే బయలు బజారు అవుతుంది అన్నాడు. చేత కానిదానికి గొప్ప పేరు పెట్టడం మా ఆఫీసులో మొదటి నుంచీ ఉన్నదే. ఆ తీర్మానం కూడా నేనే రాశాను, గాలి, వెలుతురు అనే మాటలు రెండుసార్లు వచ్చేలాగా.

తాళంచెవులు తీసుకోవడానికి నన్నే పంపారు. వెంకటరాజం గుత్తిని బొడ్లోంచి తీసి తన తువ్వాలతో తుడిచి ఇచ్చాడు. బెంగుళూరు పెంకులు దించుతున్న మూడు రోజులూ ఎదురుగా రోడ్డు అవతల నిలబడి చూశాడు. చివరి రోజు బట్టల అర్ర మీద దూలం దించుతుంటే నేనూ పక్కన నిలబడ్డాను. లోపల అంతా ఒక్కసారిగా ఎండ పడింది. ఇరవై ఏండ్లు దీపం పెట్టుకోని బట్ట చూపిన ఈడ, అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలని, నీకు అక్కడే గద్దె వస్తుందిలే అన్నాను.

అన్నానంటే ఊరికే అనలేదు. అక్కడ కూర్చుని అమ్ముకునేవాళ్లకే గద్దెలు ఇవ్వాలని అప్పటికే ఆర్డరు వచ్చింది. ముప్పై రెండు గద్దెలు, అడిగేవాళ్లు డెబ్బై మంది. కప్పు తీసి నేల చదును చేయగానే, గద్దెలు కట్టకముందే జనం వచ్చి నేలమీదే సరుకు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి జాగాకు వాళ్లు రాళ్లు పెట్టుకున్నారు. వెంకటరాజం సరిగ్గా పాత బట్టల అర్ర ఉన్నచోటే చాప వేసుకున్నాడు. ఆయనకు కుడిపక్క గుర్వయ్య, మిల్లు బట్ట అమ్మేవాడు. నోటి తీట మనిషి, నాలుగు అబద్ధాలాడితే గాని తెల్లవారదు, కాని మనసులో విషం లేనివాడు. నీ చేనేత ఎండకు వెలుస్తది, నా మిల్లు బట్ట ఎండనే వెలిసేటట్టు చేస్తది అని వెంకటరాజాన్ని ఆట పట్టించేవాడు. ఆయన నవ్వేవాడు కాదు, ధోతుల మీద తడి గోనె పట్టా కప్పుకుని కూర్చునేవాడు.

తగువులు మొదలయ్యాక పంచాయతి సమితి నుంచి ఒక అధికారిని వేశారు. పద్ధతి ఏమిటంటే, ఒకనాడు చెప్పా పెట్టకుండా వచ్చి, ఆ పూట ఎవరు ఏ జాగాలో ఏ సరుకు పెట్టుకుని అమ్ముతున్నారో చూసి పట్టీ రాయాలి. పట్టీలో ఉన్నవాడికి గద్దె. లేనివాడికి ఇక లోపల చోటు లేదు, గోడ బయట రోడ్డు మీద కూర్చున్నా లేపేస్తారు. ముందే చెబితే డెబ్బై మందీ వచ్చి కూర్చుంటారని రోజు చెప్పరు. ఇది వెంకటరాజానికి తెలుసు. అందుకే ఆ మూడు నెలలూ జ్వరం వచ్చినా చాప వేయడం మానలేదు. గద్దె పోతే బట్ట అమ్ముకునే చోటు లేదు, బట్ట అమ్ముడుపోకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే శారదమ్మకు లోకంలో వేరే ఆసరా లేదు. సావిత్రమ్మ ఒకసారి మా ఇంటికి వచ్చి నా భార్యతో ఈ మాటే చెప్పుకుని ఏడ్చిపోయింది.

అధికారి వచ్చింది నూలు పున్నమి నాడు.

శ్రావణ పున్నమి పద్మశాలీలకు పెద్ద పండుగ. ఆనాడు మగ్గం నడవదు. పొద్దున్నే కొత్త జంధ్యాలు వేసుకుని, పసుపు పూసిన నూలు పోగులు పట్టుకుని ఊళ్లోకి వచ్చి కులం చూడకుండా అందరి మణికట్లకూ కడతారు. మా ఊరి పద్మశాలీలకు ఇంకొక కట్టుబాటు ఉంది. ఆనాడు బట్టకు ధర చెప్పరు. ఏడాదంతా బట్ట అమ్ముకున్నవాడు ఆ ఒక్కరోజు నూలు ఊరికే ఇవ్వాలి, పైసా ముట్టకూడదు. అందుకే ఆ రోజు వెంకటరాజం బజారుకు వచ్చాడు, తన చాప వేసుకుని తన జాగాలోనే కూర్చున్నాడు, కాని ముందర ఒక్క బట్ట లేదు. పళ్లెంలో పసుపు నూలు మాత్రం ఉంది. వచ్చేపోయేవాళ్లు చేయి చాపుతున్నారు, కడుతున్నాడు. నేను ఆఫీసుకు పోతూ ఆగితే నాకూ కట్టాడు.

పది గంటలకు అధికారి జీపు దిగాడు. కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. నేను పట్టీ, కలం పట్టుకుని వెనుక నడిచాను. ఆయన జాగా నంబరు, మనిషి పేరు, సరుకు చెబుతాడు, నేను రాస్తాను. పద్నాలుగో జాగా దగ్గరికి వచ్చాం. వెంకటరాజం లేచి నిలబడి ఆయన చేతికి కూడా నూలు కట్టాడు. అధికారి జేబులోంచి పావలా తీశాడు. ఈయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. ఈవేళ ముట్టనన్నాడు.

సరుకేదీ అని అధికారి అడిగాడు. ఇయ్యాల అమ్మకం లేదు సార్ అని వెంకటరాజం చెప్పాడు. నేను మధ్యలో కలగజేసుకుని ఇవాళ వీళ్లకు పండుగండీ అన్నాను. పండుగైతే ఇంకా ఎక్కువ అమ్మాలి గదయ్యా అని ఆయన నవ్వాడు. ఈ మనిషి ఈ గోడల మధ్య ముప్పై ఏళ్ల నుంచి బట్ట అమ్ముతున్నాడు, ఊరంతా సాక్ష్యం చెబుతుంది అని అప్పుడు నేను గట్టిగా అనవలసింది. అనలేదు. పైవాడు నవ్వినప్పుడు కింది గుమాస్తా కూడా నవ్వాలి గనుక నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అధికారి కాసేపు ఆలోచించి, "సరుకు లేనివాణ్ణి వర్తకుడని ఎలా రాయను? తూర్పు వైపు అంతా చూసి వచ్చేసరికి గంట పడుతుంది. ఈలోగా నాలుగు బట్టలు తెచ్చి పెట్టుకో, రాస్తాను" అన్నాడు.

ఇంతకన్నా ఏ అధికారి ఏం చేస్తాడు? వెంకటరాజం ఇల్లు బజారుకు రెండు గల్లీల అవతల. నడిస్తే ఇటు అయిదు నిమిషాలు, అటు అయిదు నిమిషాలు.

మేము రెండడుగులు వేశామో లేదో గుర్వయ్య తన మిల్లు ధోతులు నాలుగు తీసి ఆయన చాప మీద పెట్టబోయాడు. "పెట్టుకో వెంకటరాజం. అమ్మకు, ధర చెప్పకు. ఊకె ముందట ఉండనియ్యి. వాడు రాసుకోని పోయినంక నా గుడ్డలు నేను తీసుకుంట" అన్నాడు. అబద్ధాలకోరు నోట వచ్చిన మాటే అయినా ఆ రోజు బజారంతటిలో తెలివైన మాట అదొక్కటే. వెంకటరాజం వాటిని జాగ్రత్తగా రెండు చేతులతో తీసి గుర్వయ్య చాప మీదే పెట్టాడు.

"ఇయ్యాల బట్ట ముందట పెట్టుకోని కూసుంటే అది అమ్మకమే, గుర్వయ్యా. మా తాత తప్పలే, మా నాయిన తప్పలే. నేను తప్పుతనా" అన్నాడు.

నేను తూర్పు వైపు నుంచి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆయన లేచి ఇంటివైపు పోయాడు. నా ప్రాణం కుదుటపడింది. మనసు మార్చుకున్నాడు, బట్టలు తేవడానికే పోయాడు అనుకున్నాను. గుర్వయ్య కూడా అదే అనుకుని ఆయన చాపను దులిపి సర్దిపెట్టాడు. పావుగంటలో తిరిగి వచ్చాడు. చేతిలో పసుపు నూలు చుట్టిన చిలప ఒకటి ఉంది. పళ్లెంలో నూలు అయిపోతే తేవడానికి పోయాడట. కూర్చుని మళ్లీ ఎవరికో కట్టడం మొదలుపెట్టాడు.

అధికారి వచ్చాడు, చూశాడు, తల అడ్డంగా ఊపాడు. పద్నాలుగో నంబరు ఎదురుగా ఖాళీ అని రాయమన్నాడు. రాశాను. రాసేటప్పుడు మణికట్టు మీది పసుపు కాగితానికి అంటింది. వారం తర్వాత ఆ గద్దె సబ్బులు, పౌడరు డబ్బాలు అమ్మే సైదులుకు వచ్చింది.

ఆ నెలంతా వెంకటరాజం పేరు ఊరంతా మోగిపోయింది. పద్మశాలి పెద్దలు పిలిచి శాలువా కప్పారు. గద్దె పోయినా నియమం పోనీయలేదన్నారు. ఇంత నిష్ఠ ఇప్పటి రోజుల్లో ఎక్కడుంది అన్నారు. నేను కూడా నలుగురిలో అదే చెప్పుకుని తిరిగాను, అలా చెబుతుంటే నా తప్పు కొంచెం తగ్గినట్టు ఉండేది. ఆయన ఆ రోజుల్లో తల ఎత్తుకుని నడిచాడు. పొగడ్తతో పొయ్యి మండదని తెలియడానికి దసరా దాకా పట్టింది.

మొదట గోడ బయట రోడ్డు పక్కన కూర్చున్నాడు. పంచాయతి జవాను లేపేశాడు. ఆ జవానును పంపే కాగితం మీద సంతకం సర్పంచిది, రాత నాదే. తర్వాత మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరిగాడు. యాభై అయిదేళ్ల మనిషి, దుకాణంలో నిలబడి అమ్మినవాడు, గడప గడపకూ పోయి అరవడం చేతకాలేదు. బట్ట విప్పి చూపించి, ధర చెప్పి, వాళ్లు వద్దంటే ఇంకో మాట అనకుండా మడుచుకుని వచ్చేవాడు. నాలుగర్రల దుకాణం నీడలో నిలబడితే ఆయన మాటకు ఉండిన విలువ, ఎండలో మూటతో పోతే లేదు. వారానికి ఒక ధోతి పోతే గొప్ప. చలికాలం వచ్చేసరికి ఇంట్లో నేసిన బట్ట పేరుకుపోయింది. కొత్త నూలు తెచ్చే దారి లేదు. సంకురాత్రి దాటిన పదిహేను రోజులకు శారదమ్మ మగ్గం మీద ఉన్న ఆఖరు ధోతి కోసి, మళ్లీ ఆసు పోయలేదు.

నాగార్జునసాగరు కట్ట పనికి అప్పుడు ఎక్కడెక్కడి జనమో పోతున్నారు. పాలమూరు నుంచి మేస్త్రీలు లారీలు వేసుకుని వచ్చి ఊరూరా మనుషుల్ని ఎక్కించుకునేవారు. కాటమయ్య అనే మేస్త్రీ మా ఊరికి వచ్చి, మట్టి తట్టలు మోయడానికి ఆడవాళ్లు కావాలని చాటింపు వేయించాడు. శారదమ్మ పేరు ఇచ్చింది. ఎవరినీ అడగలేదు. సావిత్రమ్మ కాళ్లావేళ్లా పడిందట. ముగ్గురం కూచుని పస్తులుండుడెందుకు, ఒక కడుపన్న తగ్గుతది అని ఆమె అన్నదట.

వేసవి మొదట్లో, తెల్లగా తెల్లవారాక, లారీ వచ్చి బయలు బజారు గోడ పక్కన ఆగింది. లోపల అప్పుడే గద్దెల మీద సరుకు సర్దుతున్నారు. గుర్వయ్య బట్టలు మడుస్తూ ఇటు చూడకుండా ఉన్నాడు. నేను ఆఫీసు తాళం తీయబోతూ ఆగిపోయాను. శారదమ్మ చిన్న మూట, ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. వెనుక సావిత్రమ్మ ఏడుస్తూ వచ్చింది. వెంకటరాజం అందరికన్నా వెనుక, ఎప్పటిలాగే పది అడుగుల దూరంలో, తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

కాటమయ్య పేర్లు పిలుస్తున్నాడు. శారదమ్మ పేరు వచ్చింది. ఆమె మూట సావిత్రమ్మ చేతిలో పెట్టి, లారీవైపు పోకుండా వెనక్కి నడిచి వెంకటరాజం ముందు నిలబడింది. కొంగు తలమీద ఉంది గాని మొహం తెరిచే ఉంది. సావిత్రమ్మ ఏడుపు ఆగిపోయింది. నేను మూడు నాలుగు గజాల దూరంలో ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"బావా, ఆ బట్ట నాది. నా చేతులతోని నేసిన. పున్నమి నాడు ముందట పెట్టాల్నా వద్దా అని అక్కతోనన్న నన్నొక్క మాట అడిగియ్యకపోతివి" అంది.

ఆయన నేల చూస్తున్నాడు.

"గుర్వయ్య మనిషిని పంపి గంట టైమున్నదని మాకు చెప్పిచ్చిండు. నేను నాలుగు ధోతులు మడిచి గడప మీద పెట్టిన. నీతోని మాట్లాడరాదు గదా, చూసి తీసుకపోతవు అనుకున్న. తలుపు ఎనుక నిలవడ్డ. నువ్వు లోపలికొస్తివి, నూలు తీసుకుంటివి, దాటుకుంట పోతివి. పాపముంటే నాకే తగులుతుండె గద, బావా."

గొంతు పెంచలేదు. నూలు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది. కాటమయ్య మళ్లీ పిలిచాడు. ఆమె మూట తీసుకుని, తోడికోడలి భుజం మీద చేయి వేసి తీసి, లారీ ఎక్కి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. లారీ కదిలింది. ఆమె ఆ ఊరికి మళ్లీ రాలేదు.

ఇన్నాళ్లూ నేను పంచాయతిని తిట్టుకున్నాను, అధికారిని తిట్టుకున్నాను, అన్నిటికన్నా ఎక్కువగా నన్ను నేను తిట్టుకున్నాను. వెంకటరాజాన్ని మాత్రం ఒక్క మాట అనుకోలేదు. ఇది విన్నాక కూడా, పాపం, ఆయనకు ఆ ధోతులు కనిపించి ఉండవు, పండుగ హడావిడిలో చూసి ఉండడు అనుకున్నాను. సావిత్రమ్మ ఇంటివైపు నడిచింది, ఆయన కోసం ఆగలేదు. నేను దగ్గరికి పోయి ఆయన చేయి పట్టుకున్నాను. చూడలేదు గదా, నీ తప్పు ఏముంది అన్నాను.

లారీ పోయిన దిక్కే చూస్తూ ఆయన నాకు చెప్పాడు:

"చూసిన, రామచంద్రయ్యా. అంచు పైకి ఉండేటట్టు మడిచి పెట్టింది. కాలు తగులుతదేమోనని అడుగు జర ఎత్తి ఏసిన."